లింకు సరుకు

“ఏవండీ, ఇకనుంచి ప్రొఫెసర్లని లిక్కర్‌తో కలిపే అమ్ముతారట!”

ఆదివారం పూట నేను మొహానికి సబ్బు రాసుకుని ఉండగా మా ఆవిడ శివపార్వతి బాత్‌రూమ్ తలుపు అవతల నిలబడి చేసిన ప్రకటన ఇది. నా ఫోను ఆవిడ చేతిలో ఉంది.

“ఎవరన్నారు?” అన్నాను నోట్లోకి సబ్బు పోతుండగా.

“ఎవరో హర్షవర్ధన్ అట. పదకొండింటికి హోటల్లో మీటింగట. ఒట్టి ప్రొఫెసర్ని ఇవ్వటం కుదరదు, లిక్కర్ కూడా తీసుకోవాల్సిందేనని కంపెనీ పట్టుబడుతోందట. మీరొచ్చి మీ అభిప్రాయం చెప్పాలట.”

మా ఆవిడ అన్నగారు గుడివాడలో ఎకనామిక్స్ ప్రొఫెసరు. గోళీసోడా తాగినా వారం రోజులు పశ్చాత్తాపపడే మనిషి. నేను తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికే ఆవిడ ఆయనకి ఫోన్ చేసి, ఎవరు పిలిచినా ఇల్లు కదలొద్దని చెప్పేసింది. ఆయన నాతో మాట్లాడాలని పట్టుబట్టాడు.

“బావగారూ, నన్ను అమ్మటం ఏమిటండీ?” అన్నాడు గొంతు తగ్గించి.

“ప్రొఫెసర్ కాదు బావగారూ, ప్రాసెసర్. లిక్కర్ కాదు, లిక్విడ్. మిమ్మల్నెవరూ కొనరు, నిశ్చింతగా కాఫీ తాగండి.”

తర్వాత మా ఆవిడకి వివరించాల్సి వచ్చింది. కంప్యూటర్‌లో ప్రాసెసర్ అనేది బుర్ర. ఎక్కువ పని చెబితే వేడెక్కుతుంది. చిన్న బుర్రకి నెత్తిన చిన్న ఫ్యాను చాలు. పెద్ద బుర్రకైతే కారుకున్నట్టు రేడియేటరూ, రెండు గొట్టాలూ, వాటిలో తిరిగే ద్రవమూ కావాలి. దాన్నే లిక్విడ్ కూలర్ అంటారు. ఇదివరకు అది విడిగా దొరికేది, కావలసినవాళ్ళు కొనుక్కునేవాళ్ళు. ఇప్పుడు పెద్ద ప్రాసెసర్ కావాలంటే కూలర్‌తో కలిపి కట్టిన పెట్టే తీసుకోవాలి, విడిగా ఇవ్వరు.

“మంచిదేగా? పప్పుతో పాటు నెయ్యి కూడా వాళ్ళే ఇస్తున్నారు,” అంది.

“నెయ్యి ఖరీదు పప్పులో వేసి ఇస్తున్నారే. పైగా నెయ్యి ఇంట్లో ఉన్నవాడి గతేమిటి?”

ఈ చర్చ ముగిసేసరికి ఇడ్లీలు చల్లారిపోయాయి. ఇడ్లీలు చల్లారినంత సులువుగా ప్రాసెసర్లు చల్లారితే నాకీ ఆదివారం మిగిలేది.

బెంజ్ సర్కిల్ దాటాక సర్వీసు రోడ్డులో కంప్యూటర్ల షాపు నాది. బోర్డు మీద రామకోటేశ్వరరావు, డీలర్ అని ఉంటుంది. మే నెలలో చదివితే డీలాపడ్డ డీలర్ అని చదువుకోవాలి. ప్రాసలంటే ప్రాణం పెట్టేవాణ్ణి గనక దేవుడు నాకు ప్రాసెసర్లు అమ్మే పని ఇచ్చాడనుకునేవాణ్ణి ఒకప్పుడు. ఇప్పుడందులో ప్రాస వినపడటం లేదు, ప్రయాసే వినపడుతోంది. ఈ జోడీ పెట్టెలు వచ్చిన దగ్గర్నుంచీ షాపులో అదే గోల. ఏసీ గదిలో ఉండేవాడు వచ్చి, నాకు నీళ్ళ కూలర్ దేనికండీ అంటాడు. ఇదివరకే మంచి కూలర్ కొనుక్కున్నవాడు వచ్చి, రెండోదాన్ని నా నెత్తిన పెట్టుకోనా అంటాడు. ఏమీ తెలియనివాడు వచ్చి, అందులో నీళ్ళు ఎన్నాళ్ళకోసారి మార్చాలి, మున్సిపాలిటీ నీళ్ళు పనికొస్తాయా, మినరల్ వాటరా అని అడుగుతాడు. చిప్ అమ్ముదామని కూర్చుంటే చివరికి చేతికి చిప్ప వచ్చేలా ఉంది. సమాధానం చెప్పీ చెప్పీ నోరెండిపోయి, లిక్విడ్ కావాల్సింది నాకేనని అర్థమయ్యింది.

ఈ జోడీ పెట్టె నా దగ్గర మొట్టమొదట తీసుకున్నది శాలిని. పటమటలో, మేడ మీద రేకుల గదిలో పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. తన పాత కంప్యూటర్‌లోనే ఈ పెద్ద బుర్ర బిగించుకుంటానంది. పెట్టె వచ్చిన రోజు చల్లపల్లిలో ఏదో పెళ్ళి షూటింగ్‌లో ఉండి, ఇంటికి పంపించెయ్యండంకుల్, మా నాన్నున్నాడు తీసుకుంటాడు అంది. బిగించటానికి మనిషిని పంపనా అంటే, మా బావ యేసుకుమార్ సీసీ కెమెరాలు బిగిస్తాడు, ఇదీ వాడే బిగిస్తాడు అంది. సరేనన్నాను.

అప్పట్నుంచీ ఆ కంప్యూటర్ ఆగిపోతూనే ఉంది. తీసుకొచ్చి చూపించమ్మా అంటే, పని ఆపటానికి లేదంకుల్ అనేది. ఎండలు కదమ్మా అనేవాణ్ణి నేను. మే నెలలో బెజవాడలో ఏ ప్రశ్నకైనా సరిపోయే జవాబు అది.

ఆ ఆదివారం నేను షర్టు తొడుక్కుంటుండగా మళ్ళీ ఫోన్ చేసింది.

“అంకుల్, ఇవాళ సాయంత్రం హనుమాన్ జంక్షన్‌లో రిసెప్షన్ ఉంది. పొద్దున ముహూర్తం వీడియో మొత్తం కట్ చేసి, పాటలేసి, సాయంత్రానికి స్టేజీ పక్కన స్క్రీన్ మీద వెయ్యాలి. పోయినసారీ, అంతకుముందూ మిషన్ ఆగిపోయి స్క్రీన్ నల్లగానే ఉండిపోయింది. ఇవాళ కూడా అంతే అయితే పని ఏలూరు వాళ్ళకి ఇచ్చేస్తానని కృపానందంగారు చెప్పేశారు.”

కృపానందం ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ తీసే ఫోటోగ్రాఫరు. శాలినికి ఏడాది పొడుగునా వచ్చే పనంతా ఆయన చేతి మీదుగానే రావాలి. ఆయన వదిలేస్తే ఆ రేకుల గదికి తాళమే.

“ఏం చేస్తామమ్మా, వేడుక అన్న మాటలోనే వేడీ ఉంది, ఉక్కా ఉంది,” అన్నాను.

“అంకుల్, నాకు నవ్వే ఓపిక లేదు.”

నిజం చెప్పాలంటే నాకూ లేదు. నోరు అలవాటు కొద్దీ అనేస్తుంది.

మీటింగు హాల్లో ఏసీ బ్రహ్మాండంగా ఉంది. డీలర్లు చాలామంది చర్చ కోసం కాక చలి కోసం వచ్చినట్టున్నారు. మాకు సరుకిచ్చే డిస్ట్రిబ్యూటర్ తరఫు మేనేజరు హర్షవర్ధన్. కుర్రాడు మంచివాడే, కానీ ప్రతి వాక్యానికీ ముందు ‘సార్’, వెనక ‘సార్’ పెట్టి మాటల్ని కూడా జోడీ పెట్టెలోనే ఇస్తాడు.

“సార్, పెద్ద ప్రాసెసర్ కొంటున్నారు. పొదుపని చెప్పి దాని మీద చిన్న ఫ్యాన్ పెడుతున్నారు. మాడిపోతే మా ప్రాసెసర్ మంచిది కాదంటున్నారు. అందుకే కూలర్ మేమే కట్టి ఇస్తున్నాం సార్. ఇలాగే కంటిన్యూ చేద్దామా, వద్దా? మీరు చెప్పిందే పైకి పంపిస్తాను సార్.”

గుడివాడ డీలర్ ఫిలిప్ లేచాడు. వాళ్ళ నాన్నది ఎరువుల కొట్టు. “హర్షా, మా కొట్లో నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్న యాపారమే ఇది. యూరియా కావాలంటే జింకు డబ్బా తీసుకోవాలి. దాన్ని మేం లింకు అంటాం. నువ్వు దానికి బండిల్ అని పేరు పెట్టావు.”

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు నాకెందుకు రాకూడదనిపించి నేనూ లేచాను.

“యూరియాకి జింకు లింకు! ప్రాసెసర్‌కి ట్యాంకు లింకు! బండిల్ అంటే ఏమిటి మహాప్రభో? కొన్నవాడి మెడకి బండ, అమ్మినవాడికి దిగుల్! సరే, కట్టి ఇస్తే ఇచ్చారు, కనీసం చల్లబరుస్తోందా? నా కస్టమర్ ఒకమ్మాయి కూలర్‌తో కలిపే తీసుకుంది. పాపం, ఆ మిషన్ రోజూ ఉడికిపోతోంది. చల్లని సరుకని చెప్పి చెల్లని సరుకు ఇచ్చారు!”

చప్పట్లు ఫిలిప్‌కి వచ్చినవాటికంటే ఎక్కువే వచ్చాయి. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. శాలిని. సాక్ష్యం తనంతట తాను నడిచొచ్చిందని సంబరపడి స్పీకర్ పెట్టి పైకెత్తాను.

“అంకుల్, మళ్ళీ ఆగిపోయింది. తలంబ్రాల దగ్గరే. ప్రతిసారీ తలంబ్రాల దాకా వచ్చి ఆగిపోతోంది. నాకేం చెయ్యాలో తెలియట్లేదు.”

హాల్లో ఎవరో నవ్వారు. ఆ పిల్ల గొంతులో ఏడుపు అందరికీ వినపడిందేమో, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నాకు స్పీకర్ పెట్టకుండా ఉండాల్సిందనిపించింది.

హర్షవర్ధన్ గబగబా నా దగ్గరికి వచ్చాడు. “అలా ఆగకూడదు సార్. ఆ కూలర్ ఉండగా ఆగే ప్రసక్తే లేదు సార్. ఇల్లెక్కడ? పదండి, నేనే చూస్తాను.”

“వెళ్ళి రండి,” అన్నాడు ఫిలిప్. “మేం భోజనాలు మొదలుపెట్టకుండా ఉంటాం. సంగతేమిటో తేలాకే తీర్మానం.”

చల్లటి హాల్లోంచి బయటికి అడుగుపెట్టగానే ఎండ చాచి కొట్టింది. పటమట దగ్గరే. ఆ రేకుల గదికి ఎక్కే మెట్లు మాత్రం దూరం. నేను పైకి చేరేసరికి నీరు కారిపోయి, నీరుగారిపోయి ఉన్నాను. శాలిని తల్లి మణెమ్మ మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది. గదిలో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ మనుషుల వైపు లేదు, కంప్యూటర్ వైపు తిప్పి ఉంది. దాని ముందు శాలిని, జుట్టు నుదుటికి అంటుకుపోయి కూర్చుంది. గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ళ నాన్న శౌరయ్య. చల్లపల్లి దగ్గర కౌలు వ్యవసాయం చేసి, మోకాళ్ళు అరిగాక కూతురి దగ్గరికి వచ్చేసిన మనిషి.

“కాసేపు తడిగుడ్డ కప్పుదామన్నానండి ఆ డబ్బాకి,” అన్నాడు మాతో. “అమ్మాయి వద్దంది.”

“నువ్వు కాసేపు మాట్లాడకు నాన్నా,” అంది శాలిని.

హర్షవర్ధన్ నేల మీద చతికిలబడి ఇనప కేబినెట్ పక్కరేకు ఊడదీశాడు. లోపలికి చూశాడు. సెల్‌ఫోన్ లైటు వేసి మళ్ళీ చూశాడు.

“మా కూలర్ ఏది?”

“ఏదంటే? లోపలే ఉందిగా,” అంది శాలిని.

“రెండు గొట్టాలు కనపడాలండీ. రేడియేటర్ కనపడాలి. ఇక్కడున్నది పాత ఫ్యాన్.”

నేనూ వంగి చూశాను. అరచేతంత ఫ్యాను, దాని రెక్కలకి బూజు. ఏనుగు మీద విసనకర్ర పెట్టినట్టుంది. చెప్పటానికి నాకు ఒక్క చమత్కారం కూడా తట్టలేదు.

శాలిని అప్పటికే యేసుకుమార్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. “బావా, నువ్వు బిగించింది ఏమిటి?”

“ప్రాసెసరే బిగించా. ఆ నీళ్ళది మావయ్య వద్దన్నాడు. పాత ఫ్యానే మళ్ళీ పెట్టు అన్నాడు, పెట్టా. కారుద్దేమోనని నాకూ కొంచెం భయమేసిందిలే. నీకు చెప్పే ఉంటాడనుకున్నా.”

అందరం శౌరయ్య వైపు తిరిగాం. ఆయన తడబడలేదు.

“అవును, నేనే వద్దన్నా. లింకు సరుకు మిషన్లో ఎవరన్నా పెడతారా?”

గది మూల అటక మీదికి చెయ్యి చూపించాడు. అక్కడ వరసగా ఉన్నాయి: రంగు వెలిసిన జింకు డబ్బాలు, పేరు చెరిగిపోయిన పురుగుమందు సీసాలు, మిక్సీతో పాటు అంటగట్టిన ప్లాస్టిక్ టిఫిన్ బాక్సు, మంచంతో వచ్చిన గడియారం. ఆ వరస చివర, సీలు కూడా తియ్యకుండా, మా కూలర్ పెట్టె. పొలం వదిలేసినా ఆ డబ్బాలు వదలకుండా మూట కట్టుకుని వచ్చినట్టున్నాడు.

“జీవితమంతా కౌలు చేశానండి,” అన్నాడు శౌరయ్య. “నాట్లప్పుడు యూరియా కోసం వెళ్తే, ఈ డబ్బా తీసుకుంటేనే బస్తా అనేవోళ్ళు. పైరు ఆగదు కదా, తీసుకునేవాళ్ళం. తెచ్చి అటకెక్కించేవాళ్ళం. మంచి సరుకైతే విడిగానే అమ్ముకుంటారుగా? అమ్ముడుపోదు కాబట్టే అంటగడతారు. ఓ ఏడు మా తమ్ముడు ఊరుకోక ఆ సీసాలో మందు కొట్టాడు. మడి మడంతా ఎర్రబడి పోయింది. మొన్న ఈ డబ్బా తెచ్చినోణ్ణి అడిగాను, ఇదేంటయ్యా రెండున్నాయని. ఒకటి అడిగింది, ఒకటి దాంతో కలిపి ఇచ్చేదీ అన్నాడు. నాకర్థమైపోయింది. పైగా నీళ్ళంట. నా బిడ్డ కూడు ఆ మిషన్లో ఉంది. అందులో అట్లాంటిది పెట్టనిస్తానా?”

“నాతో ఒక్క మాట అనొచ్చుగా నాన్నా,” అంది శాలిని. అరవలేదు. అరిచే శక్తి లేనట్టుగా అంది.

“నువ్వు పెళ్ళిలో ఉన్నావు. వచ్చాక మిషన్ బానే ఉందా అనడిగా. బానే ఉందన్నావు. మంచి పని చేశాననుకున్నా.”

 హర్షవర్ధన్ లేచి, కుర్చీ ఎక్కి, పెట్టె దించాడు. చొక్కా చేతులు మడిచి మళ్ళీ నేల మీద కూర్చున్నాడు. పాత ఫ్యాను ఊడదీసి, ప్రాసెసర్ తుడిచి, వేడిని లాగే పేస్టు రాసి, కూలర్ పెట్టాడు. గొట్టాలొచ్చాయి గానీ రేడియేటరు ఆ పాత కేబినెట్‌లో పట్టలేదు. నిలువునా పెట్టాడు, అడ్డంగా పెట్టాడు.

“పట్టదు సార్,” అన్నాడు నాతో, చెమట తుడుచుకుంటూ.

“అయితే కేబినెట్ కూడా కట్టి ఇవ్వాల్సింది,” అన్నాను.

ఆ కుర్రాడు నా వైపు చూసిన చూపులో ఆ పూట మొదటిసారి ‘సార్’ లేదు. చివరికి పైరేకు కూడా ఊడదీసి, రేడియేటర్‌ని కేబినెట్ నెత్తిన పడుకోబెట్టి, మణెమ్మ ఇచ్చిన బట్టలారేసే తాడుతో కట్టేశాం. చూడటానికి ఆపరేషన్ సగంలో వదిలేసిన రోగిలా ఉంది. శాలిని స్విచ్చి వేసింది.

స్క్రీన్ మీద ఒక పచ్చగీత మెల్లగా కుడివైపుకి పాకటం మొదలెట్టింది. అది చివరిదాకా వెళ్తే వీడియో తయారైనట్టు. అందరం ఆ గీతనే చూస్తూ నిలబడ్డాం. శాలిని గోళ్ళు కొరుక్కుంటోంది. మంగళస్నానాలు అయ్యాయి, గౌరీపూజ అయ్యింది, జీలకర్రా బెల్లం అయ్యింది. తలంబ్రాలు వచ్చాయి.  తలంబ్రాలు దాటి అప్పగింతల వైపు వెళ్ళింది గీత. శాలిని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. మణెమ్మ టేబుల్ ఫ్యానుని మెల్లగా కూతురి వైపు తిప్పింది.

అప్పుడు ఫిలిప్ ఫోన్ చేశాడు. “ఏమండీ రావుగారూ, ఇక్కడ బిర్యానీ చల్లారిపోతోంది. ఏం తేలింది? స్పీకర్లో పెట్టాను, అందరూ వింటున్నారు.”

హర్షవర్ధన్ నా వైపు చూశాడు. ఇందాక హాల్లో అరిచింది నేనే గనక చెప్పాల్సిందీ నేనే. మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. కూలర్ పనిచెయ్యకపోవటం కాదు, కూలర్ అసలు మిషన్లోనే లేదని. అది అటక మీద జింకు డబ్బాల పక్కన ఉందని. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో. ఇప్పుడది బిగిస్తే పనిచేస్తోందని. ఇందాక నేనన్న చెల్లని సరుకు మాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెప్పాను. చప్పట్లు ఎవరూ వెనక్కి ఇవ్వమనలేదు.

అవతల నవ్వులు. ఎవరో అన్నారు, “అయితే కలిపి ఇవ్వటమే మంచిదన్నమాట!”

“ఎట్లా మంచిది? కలిపి ఇచ్చారు గనకే అటకెక్కింది!” అన్నాడు ఇంకొకడు.

“విడిగా పెడితే కొనరు సార్, మాడ్చుకుంటారు,” అన్నాడు హర్షవర్ధన్ నేల మీంచే.

“కట్టి ఇస్తే నమ్మరయ్యా,” అన్నాడు ఫిలిప్. అతని గొంతులో నవ్వు లేదు. “మా కొట్లో జింకు డబ్బా తీసుకెళ్ళినవాడు, చల్లాను అని మళ్ళీ వచ్చి చెప్పటం నేనెప్పుడూ వినలేదు. ఆ పెద్దాయనకి ఫోన్ ఇవ్వండి.”

ఇచ్చాను. శౌరయ్య ఫోన్‌ని దూరంగా పట్టుకుని, గట్టిగా మాట్లాడాడు. “ఆ, చెప్పండి బాబూ.”

“తాతగారూ, ఇది దేనికో ముందే చెప్పుంటే పెట్టనిచ్చేవారా?”

“చెప్తే వినేవాణ్ణి. ఎండకి మిషన్ ఆగకుండా ఉంటానికి అంటే ఎందుకు వద్దంటాను? కలిపి ఇచ్చేదీ అన్నాడు అంతే. ఎందుకు కలిపారో చెప్పలా.”

 అవతల గరిటెల చప్పుడు వినపడింది. తీర్మానం భోజనాల తర్వాతకి వాయిదా పడిందన్నమాట. ఏం తీర్మానిస్తారో వినాలనే ఆసక్తి నాలో మిగల్లేదు. మళ్ళీ ఆ మెట్లు దిగాలన్నదొక్కటే మనసులో ఉంది.

గుమ్మంలో కృపానందం కనపడ్డాడు. జంక్షన్ నుంచి కారేసుకుని తనే వచ్చేశాడు, ఫోన్‌ని నమ్ముకోలేక. తాడుతో కట్టిన కంప్యూటర్‌నీ, నేల మీద మట్టికొట్టుకున్న మేనేజర్‌నీ, నన్నూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏమైందమ్మా? మళ్ళీ ఆగిందా?”

శౌరయ్య లేవబోయాడు. మోకాళ్ళు సహకరించలేదు. “తప్పు నాది బాబూ, అమ్మాయిది కాదు,” అన్నాడు కూర్చునే.

“నువ్వుండు నాన్నా, నేను చెప్తా,” అంది శాలిని. “సార్, మా నాన్న మిషన్ పాడవకూడదని దాని కూలర్ తీసి అటక మీద దాచాడు. ఆయనకి అది లింకు సరుకు. నేను లోపల ఉందనుకున్నా. అందుకే పోయినసారీ అంతకుముందూ ఆగిపోయింది. ఇవాళ పెట్టాం. అప్పగింతలు కూడా అయిపోయాయి, చూడండి.”

కృపానందం వంగి గీత చివరిదాకా వచ్చిందని చూశాడు. పెళ్ళికూతురు ఏడుస్తున్న ముక్క ఒకటి ముందుకీ వెనక్కీ జరిపి చూశాడు. అటక వైపు చూశాడు. శౌరయ్య వైపు చూశాడు.

“నాలుగు పెళ్ళిళ్ళ వాళ్ళకి మీ అమ్మాయికి పని రాదని చెప్పాను పెద్దాయనా,” అన్నాడు.

“ఇప్పుడు నిజం చెప్పు బాబూ, వాళ్ళకి.”

“చెప్తాను. నమ్మాలి కదా!” అంటూనే అలసటగా నవ్వి, పెన్‌డ్రైవ్ కోసం శాలిని ముందు చెయ్యి చాచాడు. “నూజివీడు పెళ్ళి ఫుటేజీ రేపు పంపిస్తాను. దాన్ని కూడా తలంబ్రాలు దాటించు తల్లీ.”